చెంగల్రాయుడను పేరు

మన యిండ్లలో బిడ్డకు పేరు పెట్టు విషయమున స్త్రీల మాటకు గల విలువ మఱి యే విషయమునను లేదనుట అతిశయోక్తి కాదు. పురోహితుడు నక్షత్రమును చూచి అక్షరమును చెప్పును. తండ్రి పళ్లెములోని బియ్యముపై ఉంగరముతో వ్రాయును. కాని వ్రాయవలసిన పేరేదో అంతకు ముందే అత్తయు, కోడలును, ఆడబిడ్డయు కలిసి తేల్చియే యుందురు. కావున పేళ్లను గూర్చి వ్రాయుట ఈ పుటలకు తగిన పనియే యని తలంచి, చిత్తూరు సీమ దాటిన పిదప అంతగా వినరాని యొక మగపిల్లవాని పేరును గూర్చి ముచ్చటింప బూనితిమి. ఆ పేరు చెంగల్వరాయుడు. నలుగురి నోట నలిగి చెంగల్రాయుడైనది.

గుంటూరులోనో విశాఖపట్టణములోనో నివసించు సోదరీమణులకు ఈ పేరు క్రొత్తగా తోచవచ్చును. పూతలపట్టు బజారులో మాత్రము "చెంగల్రాయా!" అని పిలిచినచో నెరసిన తల యొకటియైనను వెనుకకు తిరుగక మానదు. పూతలపట్టు పాకాల నుండి చిత్తూరు మీదుగా కాట్పాడికి పోవు రైలుదారిపై నున్నది. నాయుడుపేట నుండి తిరుపతి మీదుగా వచ్చు పెద్దబాట యిచ్చటనే ముగియును. కాణిపాకపు వరసిద్ధి వినాయకుడును, అరగొండలోని అర్ధగిరి ఆంజనేయుడును ఈ యూరికి చేరువ దేవుళ్లు. ఇంతటి వేల్పులు ప్రక్కనే యుండగా, ఎక్కడనో తమిళసీమ యంచున నున్న కొండదేవుని పేరును ఇచ్చటివారు తమ బిడ్డలకు పెట్టుకొనుట పైకి వింతగా తోచును. విచారించినచో అందు వింత లేదు. రాయలసీమయందును, దాని చుట్టుపట్లను మగపిల్లల పేళ్లు అనేకములు ఒక్కొక్క కొండకు, ఒక్కొక్క కోనకు కట్టుబడి యున్నవి. పెంచలయ్య యనగానే పెంచలకోన నరసింహుడు జ్ఞప్తికి వచ్చును. ఓబులేసు అహోబిలమువాడు, కదిరప్ప కదిరివాడు, పాలకొండ్రాయుడు కడప ప్రక్కనున్న పాలకొండలవాడు. పేరు వినినంతనే ఆ మనుష్యుని తాతముత్తాతలు ఏ దిక్కునకు చేతులు జోడించిరో చెప్పవచ్చును. అటులనే చెంగల్రాయుడు తిరుత్తణివాడు.

ఇక అర్థమును చూతము. చెంగల్వ యనగా ఎఱ్ఱకలువ. కెంపు వన్నెను తెలుపుటకు మన భాషలో "చెం" అను తునుక పదమునకు ముందు చేరుచుండును. చెందామర, చెంగావి, చెందొవ యను మాటలు అట్లు పుట్టినవే. "చెం"తో కలువ చేరినపుడు కకారము గకారమై చెంగలువ యగును. నడిమి యుకారము జాఱిపోయి చెంగల్వ యగును. సంస్కృతమున దీనినే రక్తోత్పలమనియు హల్లకమనియు అందురు. రాత్రి విరిసి, ప్రొద్దెక్కిన పిదప ముడుచుకొను పువ్వు ఇది. తంజావూరు నేలిన విజయరాఘవనాయకుని యాస్థానమున "రాజగోపాలవిలాసము" రచించిన కవి యింటిపేరు చెంగల్వ. ఆయన చెంగల్వ కాళకవి. కావున ఈ మాట మన సారస్వతమునకు పరాయిది కాదు. "రాయుడు" ప్రభువు. ఎఱ్ఱకలువల రాయుడని చెప్పుకొనినచో పేరు చక్కగా అతికినట్లే యుండును.

అయితే అంతటితో సరిపెట్టుకొనుటకు వీలు లేదు. తిరుత్తణి కొండకు కలువలతో నున్న సంబంధము పాతది. ఇంద్రుడు ఆ కొండమీది సునెలో నీలోత్పలములను పెంచి, దినమునకు మూడేసి పూలతో సుబ్రహ్మణ్యస్వామిని అర్చించెనని స్థలపురాణము చెప్పును. అందువలన ఆ కొండకు ఉత్పలగిరి యను పేరు కలిగినది. పురాణమున నున్నది నల్లకలువ గదా, పేరులో ఎఱ్ఱకలువ యెట్లు వచ్చెనని అడుగువారు ఉందురు. నీలగిరి యను పేరును, ఎఱ్ఱకలువల కొండ యను పేరును రెండును ఆ క్షేత్రమునకు చెల్లుచునే యున్నవి. భక్తులకు రెండు రంగులును సమ్మతములే. తమిళమున ఎఱ్ఱకలువను చెంగళునీరు అందురు. కొండను "వరై" అందురు. చెంగళునీరు పూచు వరై చెంగల్వరై. ఆ వరై గలవాడు చెంగల్వరాయన్ అని తమిళ పండితులు ఈ పేరును విడదీయుదురు. ఈ లెక్కను పేరులో "రాయుడు" అను మాటయే లేదు. కొండ యను అర్థము గల "వరై" తెలుగువారి చెవినబడి "వరాయ" యైనది. మనవారు దానిని "వ", "రాయ" యని చీల్చి, "వ"ను పువ్వునకు, "రాయ"ను దేవునకు పంచియిచ్చిరి. కొండ మాయమై ప్రభువు నిలిచెను.

ఈ రెండు అర్థములలో ఏది మేలని మమ్ము అడిగినచో, పుట్టుకకు తమిళపు అర్థమునే ఒప్పుకొందుము. కాని తెలుగు తల్లి తన బిడ్డను పిలుచునపుడు కొండను తలచుకొని పిలుచుటలేదు. ఆమె నోట అది రాయుడే. రెండు భాషలవారు ఒకే పేరును ఇరుప్రక్కల నుండి పట్టుకొని, ఎవరి అర్థమును వారు చెప్పుకొనుట ఈ సీమకు సహజము. పూతలపట్టు ఇంటిపేరుగా గల శ్రీరాములురెడ్డిగారే గదా కంబరామాయణమును తెనుగు పద్యములలోనికి తెచ్చినది! ఊరి పేళ్లలోను ఈ చుట్టఱికము కనబడును. మదరాసునకు దక్షిణమున నున్న చెంగల్పట్టును చెంగళునీరుపట్టు అని వివరింతురు. కావున చెంగల్పట్టులోని "చెంగల్" మన చెంగల్రాయునితో చుట్టఱికము కలది. "పట్టు" పూతలపట్టులోని పట్టే.

తిరుత్తణిని చూడని పాఠకురాండ్ర కొఱకు రెండు మాటలు. రేణిగుంట నుండి అరక్కోణమునకు పోవు రైలుదారిలో పుత్తూరు దాటిన పిదప ఈ యూరు వచ్చును. తమిళులు సుబ్రహ్మణ్యుని ఆఱు పడైవీళ్లని చెప్పుకొను క్షేత్రములలో ఇది యొకటి. శూరపద్మునితో యుద్ధము ముగిసిన పిదప స్వామి కోపము ఇచ్చట చల్లాఱినదనియు, అందుచేతనే తణిగై యను పేరు వచ్చినదనియు చెప్పుదురు. తమిళమున "తణి" యనగా శాంతించుట. మన "తనియుట", "తనివి" అను మాటలు దానికి అక్కచెల్లెండ్రే. కొండపైకి 365 మెట్లు. ఏడాదికి ఎన్ని దినములో అన్ని. ముత్తుస్వామి దీక్షితులవారు తమ మొదటి కీర్తనను ఈ సన్నిధిలోనే పాడిరని సంగీతజ్ఞుల యిండ్లలో చెప్పుకొందురు. ఆయన కృతులలోని "గురుగుహ" ముద్ర ఈ స్వామిదే. తెలుగు కుటుంబమున పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణగారు 1888లో జన్మించినది కూడ ఈ యూరనే.

ఆడికృత్తిక నాడు ఈ కొండను చూడవలెను. తమిళుల ఆడిమాసము మన లెక్కకు జూలై నడుమ మొదలై ఆగస్టు నడుమ ముగియును. ఆ నెలలో కృత్తికానక్షత్రము వచ్చిన దినమున చిత్తూరు, పూతలపట్టు, పుత్తూరు, నగరి, కార్వేటినగరము మొదలగు చోట్ల నుండి జనులు పసుపు బట్టలు కట్టుకొని, పూలతో అలంకరించిన కావళ్లు భుజముపై పెట్టుకొని బయలుదేరుదురు. ఈ కావళ్లలో అనేకములు మొక్కుబడి కావళ్లు. పెండ్లియై యేండ్లు గడిచినను కడుపు పండని యిల్లాలు, పుట్టిన బిడ్డలు నిలువని తల్లి, నాగదోషమున్నదని జ్యోతిష్కుడు చెప్పగా భయపడిన యత్త, వీరందఱును ఆ కొండకు మ్రొక్కుకొనువారే. మగబిడ్డ పుట్టి నిలిచినచో స్వామి పేరు పెట్టుదుమనుట ఆ మ్రొక్కు. సుబ్రహ్మణ్యుని సర్పరూపునిగా కొలుచుట తెలుగునాట అంతటను ఉన్నది. కోస్తా జిల్లాలలో ఆ మ్రొక్కునకు ఫలముగా సుబ్బారావులు, సుబ్బరాయుళ్లు, నాగేశ్వరరావులు పుట్టిరి. మన దక్షిణపు టంచున అదే మ్రొక్కునకు చెంగల్రాయుళ్లు, మురుగయ్యలు, తణికాచలములు పుట్టిరి. దేవుడొక్కడే, కన్నతల్లి వెఱపు ఒక్కటే; పేరు మాత్రము ఏ కొండ దగ్గఱనో ఆ కొండది.

చెంగయ్య, చెంగమ్మ అను పేళ్లన్నియు తిరుత్తణివే యనుకొనరాదు. సూళ్లూరుపేట చెంగాళమ్మ పేర నెల్లూరు వైపున చెంగమ్మలు, చెంగయ్యలు పెక్కుమంది కలరు. చెంచయ్య యను పేరు మఱియొకటి. దానికి చెంచులతో పొత్తు గాని కలువతో లేదు. చెంగల్రాయునికి ఇంటిలో పెట్టుకొను ముద్దుపేళ్లు చెంగడు, చెంగా, రాయా అని మూడు విధములుగా మేము విన్నాము. "రాయా" అనుటయే చెవికి ఇంపుగా నున్నది.

ఈ పేరు మోసిన పెద్దలు లేకపోలేదు. తమిళ సారస్వతమున తిరుప్పుగళ్ గీతములను వెదకి వెదకి అచ్చువేయించిన వారు సుబ్రహ్మణ్య పిళ్లైగారు. ఆయన కుమారుడు చెంగల్వరాయ పిళ్లైగారు ఆ గీతములకు వ్యాఖ్య వ్రాసి "తణికైమణి" యను బిరుదు పొందిరి. తిరుత్తణి స్వామిని పాడిన గీతములకు, తిరుత్తణి స్వామి పేరు గలవాడే వ్యాఖ్యాత యగుట చూడుడు! తండ్రి మొదట పేరు పెట్టెను. పిమ్మట పనిని గూడ వారసత్వముగా నిచ్చెను. పందొమ్మిదవ శతాబ్దమున చెంగల్వరాయశాస్త్రి యను వాగ్గేయకారుడు ఉండెను. మదరాసులో పి.టి. లీ చెంగల్వరాయ నాయకరుగారి ధర్మసంస్థ పేరు వినని వారు అరుదు. ఆ నగరమునకు మేయరుగా నుండిన న్యాయవాది టి. చెంగల్వరాయన్ గారును ఈ పేరువారే. మన ప్రక్క నగరి నుండి పలుమాఱులు శాసనసభకు ఎన్నికైన రెడ్డివారి చెంగారెడ్డిగారి పేరులోను ఆ తునుకయే వినబడుచున్నది.

ఇటువంటి పేరు ఇప్పుడు పసిబిడ్డలకు పెట్టుట తగ్గిపోయినది. పూతలపట్టు చుట్టుపట్ల పెండ్లిపత్రికలను చూచినచో, తాతల వరుసలో చెంగల్రాయుడు కనబడును. తండ్రుల వరుసలో అప్పుడప్పుడు కనబడును. వరుని పేరుగా కనబడుట బహు అరుదు. దీనికి కారణము క్రొత్త పేళ్ల మోజొక్కటే యని పెద్దలు నిందింతురు గాని, మాకు మఱి రెండు తోచుచున్నవి.

మొదటిది మన సంప్రదాయమే. తాత పేరు మనుమనికి పెట్టుట ఆచారము; కోడలు మామగారి పేరును నోటితో పలుకకుండుటయు ఆచారము. ఈ రెండును ఒకే యింటిలో కలిసినపుడు ఏమగును? బిడ్డకు చెంగల్రాయుడని పేరు పెట్టుదురు. కన్నతల్లి మాత్రము వానిని ఆ పేరుతో పిలువజాలదు. "అబ్బోడా" అనియో, "చిన్నాయనా" అనియో పిలుచును. అయిదాఱేండ్లు వచ్చి బడికి పోవువఱకు ఆ పసివాడు తన పేరు తల్లి నోట విని యెఱుగడు. తల్లి పలుకని పేరిపై బిడ్డకు మక్కువ యెట్లు కలుగును? పెద్దవాడైన పిదప తన బిడ్డకు ఆ పేరు పెట్టవలెనని వానికి తోచకపోవుటలో ఆశ్చర్యమేమి?

రెండవది ఒక్క అక్షరపు లోపము. చెంగల్వలోని "వ"ను మనము వాడుకలో మ్రింగివేసితిమి. మిగిలినది "చెంగల్". తమిళమున చెంగల్లు అనగా ఇటుక! వేలూరులోనో చెన్నపట్టణములోనో చదువుకొనబోయిన మన పిల్లవానిని తోడివారు ఇటుకరాయుడని ఎగతాళి చేయుదురు. మన ఊళ్లలోనేమో "చెంగు చెంగున" గంతులు వేయుమందురు. పువ్వు రాలిపోయి ఇటుక మిగులుట పేరు చేసిన తప్పు కాదు, పలుకుటలోని తొందర చేసిన తప్పు. పూర్తిగా చెంగల్వరాయుడని పలికినచో ఎవ్వరును నవ్వజాలరు.

సరిహద్దు కలుగజేసిన చిక్కు వేఱొకటి యున్నది. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినపుడు తిరుత్తణి అందులోనే చేరియుండెను. అంతకు ముందు అది కార్వేటినగర సంస్థానమువారి యేలుబడిలోనిది. పటాస్కరుగారి తీర్పు ననుసరించి 1960 ఏప్రిల్ 1వ తేదీన అది మదరాసు రాష్ట్రమునకు పోయెను. కొండ అటు పోయినది. కొండకు మ్రొక్కువారు ఇటు మిగిలిరి. అన్న అటు ప్రక్క బడిలో చదివినచో కాగితములలో చెంగల్వరాయన్ అగును. తమ్ముడు ఇటు చదివినచో చెంగల్రాయుడగును. ఇంగ్లీషు అక్షరములలోనికి దింపినపుడు ఒక గుమాస్తా మొదటి యక్షరమును "చె"గాను, మఱియొకడు "చ"గాను వ్రాయును. ఒకడు "వ" ఉంచును, మఱియొకడు తీసివేయును. పట్టాదారు పుస్తకములో ఒక తీరు, ఆధారు పత్రములో ఒక తీరు ఉండుటచే, తండ్రి పొలమును కొడుకు తన పేరికి మార్చుకొనునపుడు కచ్చేరీల చుట్టు తిరుగవలసి వచ్చును. ఈ బాధ పడినవాడు తన బిడ్డకు రెండక్షరముల పేరు కోరుకొనుటను మేము తప్పుపట్టజాలము.

కావుననే పూతలపట్టు చేరువ నొక యింట ఈ మధ్య జరిగిన చర్చను మేము చెవియొగ్గి వింటిమి. పెండ్లియైన తొమ్మిదేండ్లకు మగబిడ్డ పుట్టెను. అత్తగారు తిరుత్తణికి మ్రొక్కుకొనినది. పరాయి నగరమున ఉద్యోగము చేయు కొడుకును, కోడలును ఏదో రెండక్షరముల పేరు ముందే యనుకొనిరి. "మొక్కుకుండింది నేను. బిడ్డనిచ్చింది ఆ సామి. మీ ఇష్టం" అని అత్తగారు పడకటింటిలోనికి వెళ్లిపోయినది. ఇటువంటిచోట మనవారు సాధారణముగా చేయు రాజీ యేదనగా, గుడిలో నొక పేరు, కాగితములలో నొక పేరు. గుడిలో పెట్టిన పేరు ఆ దినపు కర్పూరముతో పాటు హరించిపోవును. మ్రొక్కు తీఱినట్లు పైకి కనబడును గాని, తీఱలేదని ముసలామెకు తెలియును.

కోడలు చదువుకొనినది, నెమ్మదస్తురాలు. ఆమె విచారించి తెలిసికొనిన సంగతి తక్కిన తల్లులకును పనికివచ్చును. 1969వ సంవత్సరపు జనన మరణ నమోదు శాసనము ప్రకారము, పేరు లేకయే బిడ్డ పుట్టుకను నమోదు చేయించవచ్చును. పుట్టుక నమోదైన నాటి నుండి 12 నెలలలోపల రుసుము లేకుండ పేరు చేర్పించుకొనవచ్చును; ఆ పిమ్మట 15 ఏండ్ల వఱకు ఆలస్యపు రుసుము చెల్లించి చేర్పించవచ్చును. కాని 2023 అక్టోబరు 1వ తేదీ నుండి పుట్టిన బిడ్డలకు బడిలో చేర్చుట మొదలు పెక్కు పనులకు జనన పత్రమే ఆధారమగుచున్నది గనుక, అందు వ్రాయించిన పేరు చివరివఱకు వెంబడించును. ఒక్క యక్షరమునకు సంవత్సరముల తరబడి తిరిగిన వారిని చూచిన పిదప, ఆ పత్రమున ఏ తీరుగా వ్రాయింతురో తక్కిన అన్నిచోట్లను ఆ తీరుగానే వ్రాయించుడని మేము చెప్పకుండలేము.

ఆ కోడలు పది దినములు ఏమియు మాటలాడలేదు. పదునొకండవ నాడు బిడ్డను ఒడిలో వేసికొని అత్తగారి దగ్గఱ కూర్చుండి, ఆ పేరునకు అర్థమేమని అడిగెను. అత్తగారికి దేవుని పేరని తెలియును గాని అర్థము తెలియదు. వాకిట కూర్చున్న మామగారు, తన పేరే చెంగల్రాయుడైనవాడు, గొంతు సవరించుకొని "ఎఱ్ఱగల్వ పూవమ్మా" అని చెప్పెను. డెబ్బదియేండ్ల నుండి ఆ పేరు మోసినను, దాని యర్థమును తన్ను అడిగినవారు ఎవ్వరును లేరట.

"వ విడువకుండ వ్రాయింతుము. పూర్తిగా చెంగల్వరాయుడని" అని కోడలు అనెను. మామగారి పేరు ఆమె నోట వచ్చుట ఆ యింట అదియే మొదలు. ముసలామె కొంచెము సేపు కోడలి ముఖమునే చూచి, పిమ్మట మనుమని చేతికి అందించెను. భర్త మాత్రము ఇంకను పూర్తిగా సమాధానపడలేదు. పిలుచుటకు "రాయ" యని యుంచుకొందుమనుచున్నాడు. ఆడికృత్తికకు మెట్లెక్కి వచ్చిన పిదప పంచాయతీ కచ్చేరీకి పోయి పేరు వ్రాయింతురట. పండ్రెండు నెలల గడువునకు ఇంకను వ్యవధి యున్నది.